పెద్దమాంసంలో చాక్లెట్: ఏ ముక్క, ఏ చాక్లెట్, ఏ గిన్నె?

మాంసం కూరలో చాక్లెట్ అనగానే మన వైపు మొదట వచ్చే ప్రశ్న, "తియ్యగా ఉంటుందా?" అని. ఉండదు. ఉంటే అది తప్పు వండిన కూర. ఇగురులోకి మనం గసగసాలో, ఎండుకొబ్బరో వేయించి నూరి ఎందుకు వేస్తాం? చారు చిక్కబడుతుందని, రంగు ముదురుతుందని, కూర అడుగున కమ్మటి వేపుడు వాసన ఒకటి నిలుస్తుందని. ఇటలీవాళ్లు కొన్ని మాంసం కూరల్లో చాక్లెట్ వేసేదీ అందుకే. దానికి తోడు కాస్త చేదు కూడా వస్తుంది. కొవ్వున్న మాంసానికి ఆ చేదు ఎంత అవసరమో ఒకసారి తింటే తెలుస్తుంది.

మాది రాజోలు వైపు. కొబ్బరి తోటల నీడలో కోకో చెట్లు పెరిగే ఊరు. ఆ కాయలు కోసి, గింజలు ఎండబెట్టి అమ్మేస్తాం గానీ వంటింట్లోకి తెచ్చుకోవడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. నాకు ఈ కూర అబ్బింది కొన్నేళ్ల క్రితం. అప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగేవి నాలుగే ప్రశ్నలు: ఏ ముక్క తేవాలి, ఏ చాక్లెట్ వెయ్యాలి, వైన్ లేకపోతే ఎలా, కుక్కర్లో పెట్టొచ్చా. ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడినవి. అందుకే విడివిడిగా జవాబు చెప్పకుండా అన్నీ ఒకచోట పెడుతున్నాను.

## ఇటలీలో ఏ ఊరి పద్ధతి?

ఇటలీ అంతటా ఒకే వంట లేదు, ఇదీ అంతే. మనం పట్టుకోదగ్గ దారులు రెండు.

మొదటిది రోమ్ నగరానిది: "కోడా అల్లా వచ్చినారా". పలికితే మన "వచ్చినారా?" లాగే వినపడుతుంది. పశువుల పనివాళ్లను అక్కడ వచ్చినారీ అనేవారు, "కోడా" అంటే తోక. టెస్టాచో పేటలో పెద్ద కబేళా ఉండేది, 1975లో మూతపడింది. మంచి ముక్కలు డబ్బున్న ఇళ్లకు వెళ్లిపోగా మిగిలిన తోక, పేగు, తలకాయ పనివాళ్ల ఇళ్లకు చేరేవి. ఆ తోకను టమాటాతో, సెలరీ కాడలతో గంటల తరబడి ఉడికించి, చివర్లో కిస్మిస్, పైన్ గింజలు, కాస్త చేదు చాక్లెట్ వేస్తారు. చవక ముక్కని ఓపికతో గొప్ప కూర చేసిన ఇళ్ల వంట ఇది. మన పల్లెల్లో బోటి, తలకాయ వండే తీరు తెలిసినవాళ్లకి దీన్ని వేరే విడమరచి చెప్పనక్కర్లేదు.

రెండోది ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ వైపుది: "డోల్చెఫోర్తే", అంటే తీపీ ఘాటూ కలిసింది. చాక్లెట్, వెనిగర్, కిస్మిస్, పైన్ గింజలు, పాకం పట్టిన నారింజ తొక్క కలిపి చేసే చారు. అక్కడ అడవిపందికీ కుందేలుకీ వాడతారు. వాసన బలంగా ఉన్న మాంసానికి ఇది సరిజోడు. చాక్లెట్ మెక్సికో నుంచి స్పెయిన్ మీదుగా యూరప్‌కి చేరింది. ఒకప్పుడు స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉన్న సిసిలీలో, మోదికా అనే ఊళ్లో, ఇప్పటికీ చక్కెర పలుకులు నోటికి తగిలే చాక్లెట్ చేస్తారు. దానికి 2018లో ప్రాంతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఊళ్లోనే మాంసం కైమా, చాక్లెట్ కలిపి కూరిన కజ్జికాయ లాంటి పిండివంట ఒకటుంది. ఈ రెండింటి జోడీ వాళ్లకి ఎంత పాతదో దాన్నిబట్టే చెప్పొచ్చు.

ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు రోమ్ దారే పట్టండి. టమాటా ఉంది కాబట్టి మన నాలుకకి దగ్గర. డోల్చెఫోర్తేలో వెనిగర్, తీపి, చేదు మూడూ సరితూగాలి. ఒకటి ఎక్కువైనా నోరు ఒప్పుకోదు. దాన్ని రెండోసారికి ఉంచుకోండి.

## ఎంచుకునేముందు చూసుకోవలసినవి

ఏది కొనేముందైనా ఈ అయిదు చూసుకోండి.

- చేదు, పులుపు, తీపి సరితూగుతున్నాయా. చాక్లెట్ చేదు ఇస్తుంది, టమాటా, వైన్ పులుపు ఇస్తాయి, ఉల్లిపాయ, క్యారెట్, కిస్మిస్ తీపి ఇస్తాయి. ఒకటి మారిస్తే మిగతా రెండూ సర్దుకోవాలి.
- ముక్కలో జిగురు ఉందా. చారు చిక్కదనం సగం దానిదే.
- మీ చేతిలో ఎంత టైముంది, సిలిండర్‌లో ఎంత గ్యాసుంది.
- మీ ఊళ్లో ఏం దొరుకుతుంది. అమలాపురంలో దొరికేది అంతర్వేదిలో దొరకకపోవచ్చు.
- ఎవరు తింటారు. మందు ముట్టనివాళ్లు, కారం లేనిదే ముద్ద దిగనివాళ్లు, పిల్లలు.

వీటన్నిటిలో జిగురుదే మొదటి స్థానం అంటాను నేను. అందరూ చాక్లెట్ ఏదని ఆలోచిస్తారు గానీ ఈ కూర బాగా రావడమైనా పాడవడమైనా ముందు మాంసం దుకాణం దగ్గరే తేలిపోతుంది.

## మాంసం: ఏ ముక్క?

ఇటలీ వంటల్లో బీఫ్ అంటే ఆవు, ఎద్దు జాతి మాంసం. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవుల వధని నిషేధించింది. కాబట్టి మన బజార్లో పెద్దమాంసం అంటే గేదె, దున్న మాంసమే అనుకుని వండాలి. రెంటికీ తేడా ఉంది. గేదె మాంసం రంగు ముదురు, కండలో కొవ్వు తక్కువ, పీచు గట్టిది. ఇటలీవాళ్లు చెప్పిన రెండు గంటలు మనకి మూడు గంటలవుతుంది. అది లోపమేమీ కాదు. అంత బలమైన మాంసం కాబట్టే చాక్లెట్ చేదుని తట్టుకుని నిలబడుతుంది.

నేను వెళ్లే దుకాణంలో ఆయన కత్తి చేతిలోకి తీసుకోకముందే అడుగుతాడు, "ఇగురుకా అమ్మా, వేపుడుకా?" అని. మొదటిసారి నేను, "రెండూ కాదు బాబూ, మూడు గంటలు ఉడకాలి, ముక్క విడిపోకూడదు, చారు జిగురుగా రావాలి," అన్నాను. ఆయన చేతిలో ఉన్న తొడ ముక్కని పక్కన పెట్టేశాడు. "అయితే ఇది వద్దమ్మా, పిప్పి అయిపోద్ది. పిక్క పట్టుకెళ్లండి," అని కాలి పిక్క కోసి చూపించాడు. ఎర్రటి కండ మధ్య తెల్లటి నరాలు, వెండి తీగల్లా. చూడగానే ఇదేం ఉడుకుతుందిలే అనిపిస్తుంది. కానీ ఆ తెల్లటివే సన్నసెగ మీద నిదానంగా కరిగి జిగురవుతాయి. తొడలో అవి లేవు. ఎంతసేపు ఉడికితే అంత ఎండిపోతుంది.

పిక్క: నా మొదటి ఎంపిక. ముక్కలు నాలుగు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా కొట్టించండి. మనం ఇగురుకి కొట్టించే చిన్న ముక్కలైతే మూడు గంటలకి కనపడకుండా పోతాయి. పక్కన ఒక నల్లి ఎముక కూడా అడిగి తెచ్చుకోండి. మూలుగ కరిగి చారులో కలిస్తే ఆ కమ్మదనం వేరు.

రొమ్ము: కొవ్వు ఎక్కువ, జిగురూ ఉంటుంది. రుచిలో పిక్కకి తీసిపోదు. కాకపోతే పైన నూనె తేలుతుంది, రాత్రి వండి పొద్దున ఆ కొవ్వు తీసేయగలిగినవాళ్లకి బాగుంటుంది.

తోక: అసలైన రోమ్ కూర కావాలంటే ఇదే. ఒక పశువుకి ఒకటే తోక కాబట్టి రెండు రోజుల ముందే చెప్పి ఉంచాలి. మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది, ఎముకే ఎక్కువ. నలుగురికి ఒకటిన్నర కిలో తెచ్చుకోవాలి. చేత్తో పట్టుకుని పీల్చుకు తినే ఇంటికి ఇది పండగ. మర్యాదగా వడ్డించాల్సిన అతిథులకి మాత్రం వద్దు.

వేటమాంసం: పెద్దమాంసం తినని ఇళ్లలో ముదురు మేక మాంసంతో చేసుకోవచ్చు. గంటంబావు, గంటన్నరలో ఉడుకుతుంది. చారు కొంచెం పల్చగా ఉంటుంది, కాళ్లు రెండు వేస్తే ఆ లోటు తీరుతుంది. మేక వాసనకి డోల్చెఫోర్తే పద్ధతి బాగా కుదురుతుందని నా అనుభవం.

కోడితో చెయ్యకండి, బ్రాయిలర్‌తో అసలే వద్దు. శాకాహారులకైతే సిసిలీలో వంకాయ, సెలరీ, వెనిగర్‌తో చేసే కపొనాతా ఉంది. దాన్లో కొన్ని ఇళ్లవాళ్లు కోకో వేస్తారు. మన వంకాయలకి అది చక్కగా సరిపోతుంది గానీ, ఆ వంట గురించి రాయాలంటే మళ్లీ ఇంత అవుతుంది.

## చాక్లెట్: నాలుగు దారులు

కిలో మాంసానికి లెక్క ఇది.

| ఏది | ఎంత | రుచి | ఎవరికి |
|---|---|---|---|
| 70–75 శాతం డార్క్ చాక్లెట్ | 30 గ్రాములు | చేదు, కాస్త తీపి, చారుకి మెరుపు | మొదటిసారి చేసేవాళ్లకి |
| తీపి లేని కోకో పొడి | 12–15 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు | చేదు ఎక్కువ, మెరుపు తక్కువ | ఖర్చు చూసుకునేవాళ్లకి, చక్కెర తగ్గించుకునేవాళ్లకి |
| ఇంట్లో వేయించి నూరిన కోకో గింజ | 20–25 గ్రాములు | ఘాటైన వేపుడు వాసన, కాస్త పలుకు | తోట ఉన్నవాళ్లకి, తీరిక ఉన్నవాళ్లకి |
| మిల్క్ చాక్లెట్ | వద్దు | తీపి, పాల వాసన | ఎవరికీ వద్దు |

చాక్లెట్ అట్ట మీద 70 శాతం అని ఉంటే గింజ నుంచి వచ్చినది, కోకో వెన్నతో కలిపి, అంత అని అర్థం. మిగతాది దాదాపు అంతా చక్కెరే. 30 గ్రాముల బిళ్లలో చక్కెర 9 గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాలు. కిలో మాంసానికి ఆ తీపి సరిగ్గా సరిపోతుంది, టమాటా పులుపుని సరిచేస్తుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లకి ఇదే చెబుతాను, వేరే కొలతలు పెట్టుకోనక్కర్లేదు. అమూల్‌లో 75 శాతంది చిన్న ఊళ్ల సూపర్‌మార్కెట్లలో కూడా కనిపిస్తోంది. 99 శాతంది తెచ్చుకుంటే 20 గ్రాములు చాలు, దానితోపాటు ఒక చెంచా తాటిబెల్లం వెయ్యండి. కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాలు చదవండి. కోకో వెన్నకి బదులు వేరే వనస్పతి కొవ్వు ఉన్నది "కాంపౌండ్" చాక్లెట్, కేకుల మీద పూయడానికి పనికొస్తుంది. కూరలో వేస్తే నాలుక మీద మైనంలా ఒక పొర కడుతుంది.

కోకో పొడి విషయంలో ఒక్కటే జాగ్రత్త. డ్రింకింగ్ చాక్లెట్, పాలల్లో కలుపుకునే బలం పొడులు కోకో పొడి కావు, వాటిలో చక్కెర ఉంటుంది. తీపి లేనిది అని రాసి ఉన్నదే తీసుకోండి. పొడిని నేరుగా కూరలో చల్లితే ఉండలు కడుతుంది. గిన్నెలో వేసుకుని, కూరలోంచి రెండు గరిటెల వేడి చారు పోసి, బజ్జీ పిండి కలిపినట్టు జారుగా కలిపి అప్పుడు వెయ్యాలి. పొడిలో కొవ్వు తీసేసి ఉంటుంది కాబట్టి చివర్లో చెంచాడు వెన్న వేస్తే బిళ్ల వేసినంత మెరుపు వస్తుంది.

ఇక మన గింజ. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మన నేల మీద పండేది.

ఉభయ గోదావరి జిల్లాల్లో, ఏలూరు వైపు, కొబ్బరిలోనూ పామాయిల్ తోటల్లోనూ కోకో అంతర పంటగా ఉంది. చాక్లెట్ కంపెనీలు కొనుక్కెళతాయి. ఈ మధ్య పశ్చిమ గోదావరి గింజతోనే హైదరాబాద్‌లో "మనం" అనే పేరుతో మంచి చాక్లెట్ చేస్తున్నారు. అయినా కోకో కాయ కోసే చేతుల్లో చాలామంది ఆ గింజని వేయించి రుచి చూసి ఉండరు. నాకు అది బాధగా ఉంటుంది.

కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలుంటాయి. వాటిని గంపలోనో పెట్టెలోనో పోసి, అరటాకులు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ అయిదారు రోజులు పులియబెట్టాలి. తర్వాత వారం పాటు ఎండలో వెయ్యాలి. పులియని గింజ కూరకి పనికిరాదు, వగరు కొడుతుంది. ఎలా తెలుస్తుందంటే, గింజని నిలువుగా కోసి చూడండి. లోపల గోధుమరంగుతో పగుళ్లు పగుళ్లుగా ఉంటే పులిసింది. వంగపండు రంగులోనో, పలక రంగులోనో గట్టిగా ఉంటే పులవలేదు.

నాన్న తోటలోంచి తెచ్చిన గింజలు పిడికెడు మూకుట్లో వేసి సన్నసెగ మీద పెట్టాను. పావుగంట దాకా ఏమీ లేదు, వెనిగర్ లాంటి పుల్లటి ఆవిరి తప్ప. ఆ తర్వాత ఒకటి చిట్లింది. ఇంకొకటి. మినుములు వేగినట్టు చిటపటమంటుంటే ఒక్కసారిగా వంటిల్లంతా వాసన మారిపోయింది. మా అత్తయ్యగారు వరండాలోంచి, "కొబ్బరి మాడుతున్నట్టుంది, చూడమ్మా," అన్నారు. మాడలేదు, అదే దాని వాసన. చల్లారాక చేతుల్లో నలిపితే పొట్టు రాలింది. చేటలో పోసి చెరిగి, మిక్సీలో వేశాను. మొదట పొడి అయింది. ఆపకుండా తిప్పితే ముద్దయింది, ఎందుకంటే గింజలో సగానికి సగం కొవ్వే. ఆ ముద్దని కూరలో వేశాక చారు రంగు చింతగింజ రంగుకి వచ్చింది. కాస్త పలుకు తగులుతుంది. కొన్న చాక్లెట్ నునుపు దీనికి రాదు. దీనిలో చక్కెర ఉండదు కాబట్టి కిస్మిస్ కొంచెం పెంచుకోవాలి. ఇంత శ్రమ ప్రతిసారీ పడమని చెప్పను. కానీ ఇంట్లో గింజ ఉండి ఒక్కసారైనా చెయ్యకపోవడం మాత్రం అన్యాయం.

మిల్క్ చాక్లెట్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. మొట్టమొదటిసారి నేను అదే వేశాను, పిల్లలకి తెచ్చిన పెద్ద బిళ్ల ఇంట్లో ఉందని. చారు తియ్యబడింది, పాలు విరిగినట్టు సన్నటి రవ్వ తేలింది. వెనిగర్ పోసి సరిచేద్దామని చూస్తే ఆ రవ్వ ఇంకా ఎక్కువైంది. మా బాబాయి ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా, మజ్జిగ అన్నం పెట్టమన్నారు. కిలో మాంసం, మూడు గంటల గ్యాసు. ఆ తీపిని సరిచేసే దారి లేదు, అందుకే ముందే చెబుతున్నాను.

ఏ చాక్లెట్ అయినా దించడానికి పది, పదిహేను నిమిషాల ముందు మాత్రమే వెయ్యండి. అంతకంటే ముందు వేస్తే అడుగంటుతుంది, మాడిన చేదు వేరు, కోకో చేదు వేరు.

## పులుపు: వైన్, ద్రాక్ష, చింతపండు

వైన్ వేస్తే రుచి నిండుగా వస్తుంది, అది నిజం. తీపి లేని ఎర్ర వైన్ 200 మిల్లీలీటర్లు చాలు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే పోర్ట్ వైన్ తియ్యటిది. క్రిస్మస్‌కి ఇళ్లలో చేసుకునే ద్రాక్ష వైన్ కూడా అంతే. అవి వేస్తే కిస్మిస్ పూర్తిగా మానెయ్యాలి. వేయించిన మాంసం మీద వైన్ పోసి, మూత పెట్టకుండా, సగానికి ఇగిరేదాకా మరిగించాలి. లేకపోతే పచ్చివాసన చివరిదాకా పోదు.

మందు ముట్టనివాళ్లున్న ఇంట్లో వైన్ వద్దు. రెండున్నర గంటలు ఉడికినా ఎంతో కొంత మిగులుతుంది, ఆవిరైపోయిందని చెప్పి పెట్టడం సరికాదు. దానికి బదులు నల్లద్రాక్ష పావుకిలో నలిపి, అరగ్లాసు నీళ్లతో తొక్కలతో సహా పది నిమిషాలు మరిగించి వడకట్టండి. అందులో రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. తొక్కల్లోని వగరు వైన్‌లోని వగరుకి దగ్గరగా ఉంటుంది. ఇంట్లో నేను ఎక్కువసార్లు చేసేది ఇదే.

చింతపండు అడుగుతారు చాలామంది. పులుపు సరిపోతుంది గానీ, వేసిన మరుక్షణం మన నాలుక దాన్ని పులుసు అనుకుంటుంది. ఇక చాక్లెట్ ఎంత వేసినా పులుసులో ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది తప్ప కొత్త కూర అనిపించదు. అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా, ధనియాల పొడి కూడా అంతే. వెల్లుల్లి నాలుగు రెబ్బలు, లవంగాలు మూడు, చిన్న దాల్చినచెక్క, అంతే. మన బిర్యానీ ఆకులో ఎలాగూ దాల్చిన వాసన ఉంటుంది కాబట్టి ఆకు వేస్తే చెక్క మానెయ్యండి. కారం కావాలన్నవాళ్లకి రెండు ఎండుమిరపకాయలు విరవకుండా వేసి, చివర్లో తీసెయ్యండి.

మిగతా మార్పులు తేలికే. సెలరీ దొరకదు. కొత్తిమీర కాడలు, ఆకు లేకుండా, గుప్పెడు సన్నగా తరిగి ఉల్లిపాయ క్యారెట్‌తో పాటు మగ్గబెట్టండి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పైన్ గింజలు ఖరీదు. మోరి జీడిపప్పు బద్దలు బాగానే ఉంటాయి గానీ, సారపప్పు ఇంకా దగ్గర: చిన్నది, మెత్తటిది, నూనె ఉన్నది.

## గిన్నె: కుక్కర్, మందపాటి గిన్నె, మట్టిదాక

టైము లేనివాళ్లకి కుక్కరే. మొదటి విజిల్ వచ్చాక సెగ బాగా తగ్గించి 40 నిమిషాలు, ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగాలి. గ్యాసు కలిసొస్తుంది, ముక్క మెత్తబడుతుంది. పోగొట్టుకునేది చారు చిక్కదనం. లోపలి నీరు బయటికి పోదు కాబట్టి ఏమీ ఇగరదు. అందుకే నీళ్లు ఒక్క గ్లాసే పోసి, మూత తీశాక ఇరవై నిమిషాలు ఇగరబెట్టి, అప్పుడు చాక్లెట్ వెయ్యాలి. చాక్లెట్ వేశాక కుక్కర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

మందపాటి స్టీలు గిన్నె లేదా ఇనుప గిన్నె అయితే మూడు గంటలు. బుడగ ఒకటొకటిగా లేచేంత సెగ చాలు. కళపెళా ఉడికితే ముక్క బిగుసుకుంటుంది. అల్యూమినియం గిన్నె, మనం సిల్వరు గిన్నె అనేది, ఈ కూరకి మానుకోండి. టమాటా, వెనిగర్ అన్ని గంటలు అందులో ఉడికితే లోహం రుచి దిగుతుంది. కుక్కర్ కూడా స్టీలుదైతే మంచిది.

మట్టిదాక గురించి టస్కనీవాళ్ల దగ్గరే ఒక కథ ఉంది. ఇంప్రునేటా అనే ఊళ్లో పెంకుల బట్టీలుండేవి. ఫ్లోరెన్స్ గుడి గుమ్మటానికి పెంకులు కాల్చే పనివాళ్లు బట్టీ వేడి పక్కన మట్టికుండలో మాంసం, మిరియాలు, వైన్ పెట్టి పనిలోకి వెళ్లిపోయేవారని చెప్పుకుంటారు. ఆ కూర పేరు పెపోసో, దాన్లో చాక్లెట్ లేదు. కానీ మట్టిలో నిదానంగా ఉడికితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు, మనకీ తెలుసు. దాకలో మూడున్నర గంటలు పడుతుంది. ముందు బాగా సన్నటి సెగ మీద వేడెక్కించాలి, మాంసం వేయించడం మాత్రం బాండీలో చేసి అందులోకి మార్చాలి. పెరట్లో కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు, నిప్పుల మీద దాక పెట్టి వేరే పని చూసుకోగలిగినవాళ్లు ఇదే ఎంచుకోండి. గ్యాసు మీద అయితే దాకకీ మందపాటి గిన్నెకీ రుచిలో నాకు పెద్ద తేడా తెలియలేదు.

## మీకు ఏది?

ఉద్యోగం నుంచి వచ్చి వండేవాళ్లు: పిక్క, స్టీలు కుక్కర్, కోకో పొడి, ద్రాక్ష–వెనిగర్. మొత్తం గంటన్నర.

పండక్కి ఇంటినిండా జనం ఉన్నవాళ్లు: పిక్క సగం, రొమ్ము సగం, పెద్ద మందపాటి గిన్నె, 75 శాతం బిళ్ల. అయిదు కిలోలకి చాక్లెట్ 150 గ్రాములు ఒకేసారి వెయ్యకండి. 100 వేసి, కలిపి, అయిదు నిమిషాలాగి రుచి చూసి మిగతాది వెయ్యండి. టమాటాల పులుపు ప్రతిసారీ ఒకేలా ఉండదు.

పెద్దవాళ్లకి, పిల్లలకి పెట్టేవాళ్లు: చాక్లెట్ 20 గ్రాములకి తగ్గించండి, ఎండుమిరప వద్దు. కోకోలో కాఫీలో ఉండే పదార్థమే కొద్దిగా ఉంటుంది, రాత్రి భోజనానికి కాకుండా మధ్యాహ్నానికి పెట్టండి.

రుచి కోసం ఎంత శ్రమకైనా సిద్ధపడేవాళ్లు: తోక, దాక, ఇంటి గింజ. ఒక శనివారం మొత్తం దానికే ఇచ్చెయ్యండి.

## శనివారం వండి ఆదివారం తినండి

మా ఇంట్లో ఈ కూర ఆదివారం చర్చి నుంచి వచ్చాక తింటాం, వండేది మాత్రం శనివారం సాయంత్రం.

కిలో పిక్క ముక్కలు తడి లేకుండా గుడ్డతో ఒత్తి, ఉప్పు పట్టించి, వేడి నూనెలో మూడు విడతలుగా ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తాను. ఒకేసారి వేస్తే నీరు దిగి ఉడికిపోతాయి, వేగవు. ఆలివ్ నూనె ఉంటే సరే, వేరుశనగ నూనెతో కూడా ఏ లోటూ లేదు. అదే గిన్నెలో రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్, కొత్తిమీర కాడలు, వెల్లుల్లి మగ్గాక మాంసం వేసి ద్రాక్షరసం పోస్తాను. అది సగానికి ఇగిరాక మూడు వందల గ్రాముల టమాటా, లవంగాలు, నల్లి ఎముక, మునిగేంత వేడినీళ్లు. మూత వాలుగా పెట్టి మూడు గంటలు. ముక్కని గరిటె అంచుతో నొక్కితే చీలాలి, విడిపోకూడదు. అప్పుడు గుప్పెడు కిస్మిస్, సారపప్పు, చాక్లెట్. పది నిమిషాలు.

చల్లార్చి, గోరువెచ్చగా అవగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఉక్కలో రాత్రంతా బయట ఉంచకూడదు. ఆదివారం తీసి చూస్తే కొవ్వు పైన గడ్డకట్టి ఉంటుంది, దాన్ని చెంచాతో తీసెయ్యడం తేలిక. కింద చారు జున్నులా కదులుతుంది. పిక్కలోని జిగురు చేసిన పని అది. కదలకుండా నీళ్లలా ఉందంటే ముక్క సరైంది కాదన్నమాట.

ఇటలీలో దీన్ని రొట్టెతోనో, మొక్కజొన్న రవ్వ ఉడికించి చేసే పొలెంతాతోనో తింటారు. అన్నంలోకి బాగానే ఉంటుంది. కానీ నా మాట వింటే దిబ్బరొట్టె వెయ్యండి. పైన కరకరలాడే పెంకు, లోపల మెత్తన, చారుని పీల్చుకునే గుణం. మినప్పప్పు శనివారమే నానబోసుకోండి. కూర సన్నసెగ మీద వేడి చేసేటప్పుడు రుచి చూడండి. రాత్రి సరిపోయిన పులుపు పొద్దునకి తగ్గినట్టుంటుంది, చిన్న చెంచా వెనిగర్ చుక్కలు చుక్కలుగా వేసి కలపండి. రొట్టె పొయ్యి మీదున్నప్పుడే కూర బల్ల మీదికి తెచ్చెయ్యండి.